రాజమ్మ ఆకులో ఏం వడ్డించాలి

రాజమ్మా,

మదనపల్లెలో కొత్త హోటల్ గోడ మీద ఎముకల గూళ్లు పూలటోపీలు పెట్టుకుని చిందేస్తున్నాయి. మోకాళ్లు మొరాయించి అక్కడే కూలబడ్డాను. మోకాళ్ల మందు కథ మొదలుపెడితే ఈ కాగితం చాలదు.

"మెక్సికోవోళ్ల పండగ తాతా. సచ్చిపోయినోళ్లకు ఇష్టమైంది వండి పెడతారంట," అంది బొమ్మ గీస్తున్న అమ్మాయి.

"మన పెద్దల అమావాస్య మాదిరే కదమ్మా. ఆళ్ల పెద్దలు ఎగరతాండారు, మనోళ్లకు ఆ ఓపిక లేదు. మా ముసలామె పోయినప్పట్నుంచి నేనూ పెడతాండాను."

"అవ్వకు ఏం పెడతావు?"

"ఏటా బెల్లం పూర్ణం ఓళిగలే."

"అవ్వకు అంత ఇష్టమా?"

ఇష్టం నాది. నలభై ఏళ్ల కాపురంలో నువ్వు అందరి తర్వాత కూర్చుని, మిగిలిందే తిన్నావు. నేనేనాడూ అడగలేదు.

రేపే అమావాస్య. అంగడికి పోవాలని కోడలు సంచి పట్టుకుని నిలబడింది. ఏం తెమ్మని చెప్పను?