ప్యాకింగ్ సెక్షన్ నష్టం

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండింది. తుర్కపల్లిలో మన కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌ను నిన్న మూసేశారు.

కంపెనీ గెస్ట్‌హౌస్ ఖర్చంతా ఆ సెక్షన్ మీద వేసి నష్టం చూపించమని మేనేజర్ నన్ను అడిగాడు. "ఎవల ఖర్చు వాళ్ల మీదనే రాయాలె తమ్మీ" అంటూ నువ్వు నాకు లెక్కల పని నేర్పావు. నేను రాయనన్నాను. వేరొకరితో రాయించారు. ఆ రిపోర్టు చూసి పైవాళ్లు మూసేయమన్నారు.

నువ్వు పోయాక ఆ సెక్షన్‌లో పనికి చేరిన వదిన, లాల్‌గడి మలక్‌పేట్ ఊరి నుంచి పనికొచ్చే ఆడవాళ్లతో పాటు గేటు బయట నిలబడి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"మేం గంత నష్టం జేసినమా తమ్మీ?"

"లేదు వదినా. మీ సెక్షన్ లాభంలనే ఉండె."

"మరి గా మాట సార్లకు జెప్పకపోయినవ్?"

"చెప్పిన వదినా."

చెప్పినందుకే నన్నూ తీసేశారని మాత్రం ఆమెతో అనలేకపోయాను.