రొట్టె కొస

బూర్జ్, మంగళవారం

సొలాంజ్,

"అక్క పోయిందని ఆ ఇంట్లోనే కూర్చుంటావా బావా, నాలుగూళ్లు తిరిగిరా" అని పోరి పంపావుగా! తిరిగాను. కాళ్లు పీకేస్తున్నాయి. ఇక్కడి పెద్ద చర్చిలో రంగుటద్దాలు చూసి, "అటు చూడవే" అని పక్కకు తిరిగాను కూడా.

రొట్టెల కొట్లో ఆవిడ "మెత్తటిదా, బాగా కాలినదా అండీ?" అంది. "బాగా కాలినదే" అనేసింది నా నోరు. నా పళ్లకది పడదని నీకు తెలుసు. ఇన్నేళ్లూ మీ అక్క కోసమే అలా కొన్నాను. ఇల్లు చేరకముందే ఆ పొడుగు రొట్టె కొస విరిచి కరకరా నమిలేసేది.

కాలువ గట్టున కూర్చుని లోపలి మెత్తటి భాగం మాత్రం తిన్నాను. కొస పారెయ్యబుద్ధి కాలేదు, కోటు జేబులో పెట్టుకున్నాను. ఆదివారం తెస్తాను, కాఫీలో ముంచుకు తిను. చిన్నప్పుడు దీనికోసమే అక్కాచెల్లెళ్లిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లట కదా. ఇప్పుడు నీకు పోటీ లేదు.

నీ బావ