ఇన్నమ్మ గొంతు తగ్గించిన చోటు

మే 6, సోమవారం
మా బిడ్డ జ్యోతి నార్కట్‌పల్లి నుంచి వచ్చి పిల్లలిద్దరినీ దింపి పోయింది. పెద్దది తెరేజ, చిన్నది రోజి. పది రోజులు ఇక్కడే. నా ఇంటిది ఇన్నమ్మ పోయి రెండేళ్లు. ఉంటే ఈపాటికి ఇల్లంతా గోల...

మే 7
చర్చిలో వేసవి జ్ఞానోపదేశం. సిస్టరమ్మ తెరేజకు పని పెట్టింది — ఇంట్లో పెద్దలను అడిగి ఒక పునీతుని కథ నేర్చుకోవాలి. ఆదివారం పూజ అయ్యాక అందరి ముందు చెప్పాలి.
"తాతా, నువ్వు చెప్పు."
నేనా? చదివింది నాలుగు. నలుగురిలో నోరు తెరవను. ఈ ఇంట్లో కథలు చెప్పింది ఇన్నమ్మ.
"అవ్వ చెప్పిందే చెప్పు."

మే 8
చెప్పాను. పునీత ఇసిదోరు ఒక దొర దగ్గర జీతం ఉంటాడు. పొద్దున్నే ప్రార్థనకు పోతాడు, అరకకు ఆలస్యం. తోటివాళ్లు చాడీ చెప్తారు. దొర కొరడా పట్టుకొని దేవరకొండ గుట్ట దిగి ఆముదపు చేనుకు వస్తాడు. ఇసిదోరు మోకాళ్ల మీద ఉన్నాడు. అరక మాత్రం నడుస్తోంది. తెల్లటి ఎడ్లు, దున్నుతున్నది దేవదూతలు. దొర చేతిలోంచి కొరడా పడిపోయింది. ఇసిదోరు లేచి దొరను ఒక్క మాట అడిగాడు...
"ఏమడిగిండు?"
తెలియదన్నాను.
"గదేంది తాతా! అసలుదే తెల్వదా?"
జ్యోతి చిన్నప్పుడు ఇన్నమ్మ లోపల చెప్పేది. నేను అరుగు మీద పగ్గం పేనుతూ వినేవాణ్ని. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గర గొంతు తగ్గించేది. లేచి లోపలికి పోవచ్చు. పోలేదు. చిన్నప్పుడు నేనూ దొర దగ్గర జీతం ఉన్నవాణ్నే.

మే 9
జ్యోతికి ఫోన్ చేశాను.
"గాడికొచ్చేసరికి నాకు నిద్ర పట్టేది బాపూ. నీకెరుకనే అనుకున్న."


మే 10
తెరేజ సిస్టరమ్మ పుస్తకం తెచ్చింది.
"ఇసిదోరు మన దిక్కోడు కాదు తాతా. స్పెయిన్ దేశమంట."
నలభై ఏళ్లుగా ఆయనది గుట్ట అవతలి ఊరే అనుకుంటున్నాను. పుస్తకంలో దొర తప్పు ఒప్పుకుంటాడు. ఇసిదోరు ఏమీ అడగడు.
"అవ్వ అబద్ధం చెప్పిందా?" అంది రోజి.
"అవ్వ అబద్ధం చెప్తదానే, పిచ్చిదానా!" అక్కే కసిరింది.

మే 11
ఇన్నమ్మ ఫోటో తుడిచాను. ఏమడిగాడే? ... చెప్పదు.

మే 12, ఆదివారం
వెనక బెంచీలో కూర్చున్నాను. తెరేజ పుస్తకం మూసేసి అవ్వ కథే చెప్పింది. గుట్ట, ఆముదపు చేను, అన్నీ. "ఒక్క మాట అడిగిండు" అని ఆగింది. నా వైపు చూసింది. అందరూ చూశారు. తల దించుకున్నాను.
"గది మా అవ్వకే ఎరుక" అని పోయి కూర్చుంది. నవ్వారు.
సిస్టరమ్మ నవ్వలేదు. బయట అడిగింది — "పెద్దయ్యా, మీరైతే ఏమడుగుతుంటిరి?"
దారంతా అదే.

మే 13
దొర దగ్గర జీతం ఉన్నప్పుడు, మా అమ్మకు జ్వరం అని కబురొచ్చిన రోజు. చేతిలో అరక. ఒక్క పూట ఇంటికి పోతా దొరా... అంతే. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. పోయేసరికి అమ్మ లేదు.
పెళ్లైన కొత్తలో ఇన్నమ్మకు చెప్పాను. ఒక్కసారే. అరుగు మీద నేనున్నాననే ఆ మాట దగ్గర గొంతు తగ్గించేదేమో.

మే 14
పగ్గానికి నార తడిపి పెట్టాను.

మే 15
ఇసిదోరు పండుగ. రేపు జ్యోతి వచ్చి పిల్లలను తీసుకుపోతుంది.
సాయంత్రం. అరుగు మీద పగ్గం. లోపల తెరేజ చెల్లెకు కథ చెప్తోంది. కొరడా పడింది. ఇసిదోరు లేచాడు. తెరేజ గొంతు తగ్గింది.
లేచాను. గడప దాకా పోయాను. పగ్గం చేతిలోనే ఉంది.
"ఏంది తాతా, గట్ల నిలవడ్డవ్? లోపటికి రా. జాగ ఉన్నది."