నడుం దాకా సముద్రం

అక్కా,

ఇవాళ నీ సంవత్సరీకం. నీకో మాట చెప్పాలి. పోయిన నెల నీ కూతురు స్వాతితో కలిసి, నా వీల్‌చైర్‌లోనే సింగపూర్ వెళ్లొచ్చాను. కుర్చీ పట్టే గదికి, ర్యాంపున్న కారుకు అందరికంటే రెట్టింపు అయింది. "అంత డబ్బు పోసి ఎందుకే?" అంది అమ్మ. విమానంలో సీట్ల మధ్య దారిలో పట్టే సన్నటి కుర్చీలోకి మార్చి, మూటను కట్టినట్టు బెల్టులు బిగించారు. సిగ్గేసింది.

అక్కడి బీచ్‌లో ఇసుకలోనూ నీళ్లలోనూ నడిచే లావు చక్రాల కుర్చీ అద్దెకిచ్చారు. మన వాడరేవు బీచ్‌లో నువ్వు నన్ను వీపున మోసుకుంటూ పాదాలు తడిసేదాకా తీసుకెళ్లేదానివి. సింగపూర్‌లో నడుం దాకా మునిగాను.

"చాలు పిన్నీ, భయంగా ఉంది," అంది స్వాతి.

"ఇంకొంచెం లోపలికి తొయ్యవే!"

తోసింది. పెద్ద అలొకటి ఇద్దర్నీ ముంచేసింది. నువ్వు పోయాక స్వాతి అలా పగలబడి నవ్వడం అదే మొదటిసారి.