కాళ్లకు అందిన డోలక్

ఇబ్రహీంపట్నం

బాపూ, మేం మంచిగున్నం. నాకు ఫోన్ల వినబడదు గనుక కార్డు రాస్తున్న.

నీ అల్లుడు పాత సామాను దుకాణంలో కొన్న పెద్ద స్టీరియో రిసీవర్, నెలల తరబడి లోపలివన్నీ మార్చంగ నిన్న పలికింది. దానికి టేపు, స్పీకర్లు తగిలించి నీ భజన క్యాసెట్ పెట్టిండు. రిసీవర్ అద్దం వెనక సప్పుడెంతుందో చూపే సూదులు లేచి ఆడినయ్. సెల్ఫులో గిన్నెలు కదిలినయ్. నీ డోలక్ బండల్లోంచి నా ఉత్తకాళ్లకు ఎక్కి ఎదురొమ్ములో మోగింది. చిన్నప్పుడు జ్వరానికి చెవులు పోయినంక నువ్వు కొట్టేది నాకు తెలుసుడు గిదే మొదలు.

నడుమ డోలక్ ఆగి సూదులు పడ్డయ్. ఏమైందని సైగ చేస్తే, 'మీ బాపు దగ్గిండు' అని కాయితం మీద రాసిండు.

ఆ దగ్గు ఇంకా ఉందా? దవాఖానకు పోయి చూపించుకో. అమ్మకు దండాలు. జర పైలం బాపూ, నీ పాట నాకు నిన్ననే మొదలైంది.

నీ బిడ్డ
సంతోషి