పసుపు అణువుకు పసుపు రంగు

2007 ఫిబ్రవరి 12, సోమవారం

పొద్దున్నే మెయిలు. మా అణువుల పేజీలన్నీ ఉన్న సర్వర్‌ని దాన్ని నడిపే విదేశీ యూనివర్సిటీ మార్చి ఆఖరుకి ఆపేస్తుందట. ఇక దాని భారం మోయలేరట.

పేజీ తెరిస్తే చాలు, బ్రౌజర్‌లోనే అణువు తిరుగుతూ కనపడాలి — ఇందుకోసం ఎన్ని దేశాల టీచర్లు, ప్రోగ్రామర్లు, జీతం లేకుండా, ఎన్నేళ్ళు... నేను వాళ్ళకి కోఆర్డినేటర్‌ని. అంటే అడిగేదాన్ని, గుర్తు చేసేదాన్ని, బతిమాలేదాన్ని. ఆర్మూర్ ప్రైవేటు కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌కి ఈ పదవి ఎందుకొచ్చిందంటే, ఇంకెవరూ ఒప్పుకోలేదు గనక.

పోలండ్ నుంచి పావెల్ ఒక్కడే జవాబిచ్చాడు. కొత్త బ్రౌజర్‌లో మొరాయిస్తున్న పేజీలను తాను బాగుచేస్తాడట. పేజీలు పెట్టుకోవడానికి కొత్త చోటు మాత్రం నన్ను వెతకమన్నాడు.

ఫిబ్రవరి 14

అందరికీ రాశాను. మీ దగ్గర చోటుందా? జవాబు లేదు. ఎవరో ప్రేమికుల రోజు శుభాకాంక్షలు పంపారు. ఏం చేసుకోను?

ఫిబ్రవరి 16

శివరాత్రి సెలవు. నెట్ సెంటర్‌కి వెళ్ళాను. పేజీ సగం వచ్చేసరికి కరెంటు పోయింది. ఇంటికొచ్చి కూర్చుంటే అత్తమ్మ బీడీలు చుడుతూ నా మొహమే చూస్తోంది.

"గా మందిల ఒక్కరి మొకమన్న చూసినవా బిడ్డా? గంత ఫికరెందుకు?"

చూడలేదు.

ఫిబ్రవరి 19

ఇక మిగిలింది మా కాలేజీయే. పేజీలు పెట్టుకోవడానికి ఒక కంప్యూటర్ మిషను, ఆగని నెట్ లైను ఇస్తే చాలు. కరస్పాండెంట్ నర్సారెడ్డి సారు మార్కెట్‌లో రైతుల దగ్గర పసుపు కొనే అడ్తి వ్యాపారి, అందుకని పసుపులో ఉండే కుర్క్యుమిన్ పేజీయే చూపించాను. నేను చేసిన పేజీ. ల్యాబ్‌లో అణువు మెల్లగా తిరుగుతోంది. కార్బన్ బూడిద రంగు, ఆక్సిజన్ ఎరుపు, హైడ్రోజన్ తెలుపు.

సారు జేబులోంచి పసుపు కొమ్ము తీసి ఫట్‌మని విరిచి, లోపలి రంగు నా ముందు పెట్టారు.

"మేం కొమ్ము ఇరిచి చూసినంకనే కొంటం మేడం. లోపట గీ రంగు ఉండాలె. నువ్వేమో బూడిద చూపిస్తున్నవ్."

అవి నిజం రంగులు కావని, ఏ పరమాణువు ఏదో తెలియడానికి పెట్టుకున్న గుర్తులని చెప్పాను. ఓపికగా విన్నారు. వార్షికోత్సవానికి రైతులు, వ్యాపారులు వస్తారని, వాళ్ళకి చూపించేలా రంగు పసుపుకి మారిస్తే మిషను, లైను రెండూ ఇస్తానని అన్నారు.

ఫిబ్రవరి 20

మార్చాను. ప్రోగ్రాంలో ఒక్క లైను మార్పు. అణువంతా పసుపు. మా ల్యాబ్‌లో విడిగా చేసిన కాపీ తెరుచుకోవడం లేదు, అందుకే అన్ని దేశాలవాళ్ళూ చూసే అసలు పేజీలోనే మార్చాల్సి వచ్చింది. వార్షికోత్సవం కాగానే వెనక్కి తిప్పేస్తాను. సారు మురిసిపోయారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఫిబ్రవరి 23

చోటుందా అంటే పలకనివాళ్ళంతా ఒక్కరోజులో నిద్ర లేచారు. మా గుర్తుల్లో పసుపు అంటే సల్ఫర్! కుర్క్యుమిన్‌లో సల్ఫర్ అన్నదే లేదు. బ్రెజిల్‌లో ఒక టీచరమ్మ క్లాసులో పిల్లలు పేజీ చూసి అంతా సల్ఫరే అని రాసేశారట. ఏ దేశం పిల్లలైనా ఏ పేజీ అయినా చదవగలగాలని ఆ రంగుల నియమం రాసిపెట్టింది నేనే.

పావెల్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కోఆర్డినేటరే నియమం తప్పితే తను ఎవరి కోసం బాగుచేయాలి, అని మాత్రం రాశాడు.

ఫిబ్రవరి 24

బూడిద రంగు తిరిగి పెట్టేశాను. అందరికీ క్షమాపణ. సాయంత్రం సారుకి ఒక ఉపాయం చెప్పాను — పేజీ మామూలుగానే ఉంటుంది, కింద ఒక బటన్, నొక్కితే పసుపు. సారు ఒప్పుకున్నారు.

"గట్లనన్న చెయ్యి. కానీ ఆ దినం నేను నొక్కితె రావాలె."

ఫిబ్రవరి 27

బటన్ పెట్టాను. వార్షికోత్సవానికి స్టేజీ మీద పెట్టబోయే, కొత్త బ్రౌజర్ ఉన్న కంప్యూటర్‌లో పనిచేయడం లేదు. అది బాగుచేయగలవాడు పావెల్. రాశాను.

మార్చి 2

మళ్ళీ రాశాను.

మార్చి 9

వార్షికోత్సవం. సారు స్టేజీ మీద బటన్ నొక్కారు. మళ్ళీ నొక్కారు. తెర మీద బూడిద అణువు తిరుగుతూనే ఉంది. ముందు వరుసలో ఎవరో నవ్వారు. సారు మైకు ప్రిన్సిపాల్‌కి ఇచ్చి కిందకి దిగారు. భూమి చీలితే బాగుండుననిపించింది.

మార్చి 12

ఇస్తానన్న మిషను ఆఫీసులోకి పోయింది, ఫీజుల పనికట. అడగడానికి వెళ్ళి గుమ్మం దగ్గర్నుంచే వచ్చేశాను.

మార్చి 21

పావెల్ నుంచి రెండు ముక్కలు. గుంపు నుంచి తప్పుకున్నాడు. నా మీద కోపం లేదట. అలసిపోయాడట. అర్థమైంది. నేనూ అలసిపోయాను, కాకపోతే తప్పుకుంటానని చెప్పుకోవడానికి నేనే కోఆర్డినేటర్‌ని.

మార్చి 30

నెట్ సెంటర్‌లో కూర్చుని పేజీలు దింపుకుంటున్నాను. కొన్ని వస్తున్నాయి, కొన్ని మధ్యలో ఆగుతున్నాయి. బ్రెజిల్ టీచరమ్మ చేసిన హిమోగ్లోబిన్ రాలేదు. ఎంతో అందంగా చేసింది. ఏడుపొచ్చింది.

అత్తమ్మకి అంతా చెప్పాను. బీడీ ఆకు కత్తిరిస్తూ వింది. "నువ్వు పిలిచినవ్ బిడ్డా. ఇనబడనోళ్ళకు నువ్వేం జేస్తవ్?" అంది. మెచ్చుకోలో, జాలో.

ఏప్రిల్ 2, సోమవారం

పొద్దున ల్యాబ్‌లో ఊరికే తెరిచి చూశాను. పేజీ వచ్చింది! కుర్క్యుమిన్ తిరుగుతోంది. హిమోగ్లోబిన్ కూడా ఉంది. అక్కడ సర్వర్ ఆపడం మరిచిపోయినట్టున్నారు.

ఉన్నప్పుడే ఎవరి పేజీలు వాళ్ళు దింపుకోమని అందరికీ చెప్పాలి. చెప్పడమే నా పని. చెప్తే ఆ యూనివర్సిటీ వాళ్ళూ చదువుతారు — వాళ్ళూ మా గుంపులోనే ఉన్నారు. గుర్తొచ్చి ఆపేస్తారు.

మెయిలు రాసి పెట్టాను. ఇంకా పంపలేదు.