గట్టుపాలెం వంతెనకి వచ్చిన అభ్యంతరాలు

గట్టుపాలెం, చోడవరం మండలం
జనవరి 6

వంతెనల ఆఫీసు బాబు గారికి, గట్టుపాలెం కాపురస్తురాలు బోని మంగాయమ్మ నమస్కారాలు పెట్టి, ఎవరిసేతా రాయించకుండా సొంత సేత్తో రాసుకున్నది.

మా పంచాయతీ గోడకి మీరు అంటించిన కాయితం సూసేను. కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు సదివేను. ‘శిథిలావస్థ యందున్న నిర్మాణమును తొలగించు ప్రతిపాదనపై ముప్పది దినముల లోగా ప్రజల నుండి లిఖితపూర్వక అభ్యంతరములు ఆహ్వానించడమైనది’ అని ఉంది. తక్కినదంతా అంకెలూ సెక్షన్లూ. ఆటిని గోడకే ఒగ్గీసేను.

బాబూ, ఓట్లప్పుడు తప్ప గవర్నమెంటోళ్ళు మమ్మల్ని పిలవడం నేనెప్పుడూ ఎరగను. పిలిసినోళ్ళకి మర్యాద సెయ్యాలి గదా. అంచేత రాస్తన్నాను. మీ ఆహ్వానం అందింది. నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా ఇంటాయన పెదబాబుని అడిగితే ఆయనా ‘ఊ’ అన్నాడు. ఆయన దేనికైనా ఊ అనే అంటాడు, అయినా లెక్కలోకి రాసుకోండి.

ముప్పై దినాలన్నారు గానీ ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది రాయలేదు. భోజనాలున్నాయా, టీ ఒకటేనా? నాతో శాలోమి కూడా వస్తాది. కాలవ అవతల పేటలో ఉంటాది, ఆస్పత్రిలో ఆయాగా సేసి రిటైరయింది. ఎక్కడికైనా మేం ఇద్దరం కలిసే ఎల్తాం.

ఇట్లు,
మీ పిలుపు మన్నించిన
మంగాయమ్మ

తా.క. శాలోమి సేపలు తింటాది. ఎండుసేపలు తినదు. వంటోళ్ళకి ముందే సెప్పీండి.


గ్రామ వంతెనల విభాగం, జిల్లా ఆఫీసు
జనవరి 10
ఇన్వర్డు నెంబరు 417

శ్రీమతి బోని మంగాయమ్మ గారికి,

తమరి లేఖ అందినది. పై ప్రతిపాదనపై తమరు తెలిపిన నిరభ్యంతరమును ఫైలు నందు నమోదు చేయడమైనది. సదరు నోటీసుపై ఇంతవరకు అందిన లేఖ తమరిది ఒక్కటే అగుటచే దానికి విశేష ప్రాధాన్యత కలదు. ఈ సందర్భముగా ఎట్టి సమావేశము గాని విందు గాని ఏర్పాటు చేయబడలేదని తెలియజేయడమైనది.

తమ విధేయుడు,
ప్రేమ్‌కుమార్
జూనియర్ అసిస్టెంటు

తా.క. ఎండుచేపల అంశము ఈ కార్యాలయ పరిధి లోనికి రాదు.


గట్టుపాలెం
జనవరి 14

ప్రేమ్‌కుమార్ బాబుకి మంగాయమ్మ దీవించి రాసేది.

నా ఉత్తరం ఒక్కటే వచ్చిందంటే సిగ్గేసింది. ఇంత ఊరుండి, పిలిస్తే పలికినోళ్ళు లేపోతే ఎలాగ? అంచేత మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగేను. ‘ఆ శిథిలాన్ని తీసేస్తారంట, సంతకం పెట్టండి’ అన్నాను. ఒక్కరు కాదంటే ఒట్టు. ముప్పై నాలుగు సంతకాలు, ఏలిముద్రలు దీంతో పంపుతన్నాను.

నిజం సెప్పాలంటే అది ఎప్పుడో తీసీవలిసింది. రేకులు గాలివానకే ఎగిరిపోయేయి. స్తంభం ఒరిగిపోయింది. కుక్కలు తప్ప మనుషులు దాని దగ్గరికి ఎల్లి ఎన్నాళ్ళో అయింది. ఆలీసం సెయ్యకండి. వచ్చినప్పుడు కూలోళ్ళకి మజ్జిగ నేను పోస్తాను.

ఇట్లు,
ఊరి తరపున
మంగాయమ్మ

తా.క. అడుగున ముప్పై అయిదో గుర్తు ఏలిముద్ర కాదు. అచ్చియ్యమ్మ సేతికున్న గోంగూర పచ్చడి. ఆవిడ సంతకం పక్కనే ఉంది.


గ్రామ వంతెనల విభాగం, జిల్లా ఆఫీసు
జనవరి 18

శ్రీమతి మంగాయమ్మ గారికి,

ముప్పది నలుగురి సమ్మతి పత్రము అందినది. ఒక తొలగింపు పనికి గ్రామస్థులు ఇంత ఉత్సాహముగా సహకరించుట ఈ కార్యాలయ చరిత్రలో ఇదే ప్రథమమని ఇంజనీరు గారు హర్షము వెలిబుచ్చినారు.

కావున గట్టుపాలెం వద్ద కాలవపై గల నడక వంతెనను గడువు ముగిసిన పిమ్మట పడగొట్టుటకు ఫైలు సిద్ధమగుచున్నది. ఆ పిమ్మట గ్రామస్థులు దిగువనున్న పెద్ద వంతెన మీదుగా, అనగా నాలుగు కిలోమీటర్లు చుట్టుదారిన, అవతలి ఒడ్డుకు వెళ్ళవచ్చును.

తమ విధేయుడు,
ప్రేమ్‌కుమార్

తా.క. ముప్పది అయిదవ గుర్తు ఇతర ఫైళ్ళకు అంటుచున్నందున దానిని వేరు కవరులో భద్రపరచడమైనది.


గట్టుపాలెం
జనవరి 20

ఓలమ్మా, ప్రేమ్‌కుమార్ బాబూ!

కొంప ముంచీసేవు. కాదులే, ముంచింది నేనే. నువ్వు నంబరేసేవంతే.

నేను తీసీమన్నది రోడ్డు మీది బస్సు షెడ్డు! మీరు తీస్తామన్నది మా వంతెన! ‘నిర్మాణము’ అని రాస్తే అది వంతెనో షెడ్డో నాకెలా తెలుస్తాది బాబూ? వంతెనల ఆఫీసోళ్ళు షెడ్లు కూడా సూస్తారనుకున్నాను. వంతెన అని రాయడానికి మూడక్షరాలు సాలవా?

కాలవలో ఏడాదంతా పీకల్లోతు నీళ్ళు. ఇటు మా ఊరు. అటు హైస్కూలు, పాలకేంద్రం, నర్సమ్మ ఉండే గది, శాలోమి వాళ్ళ చర్చి. నా కోడలు చిన్నతల్లికి ఏడో నెల. నొప్పులొస్తే నాలుగు కిలోమీటర్లు సుట్టూ తిప్పమంటావా? ఆ ఎండలో మోసుకెల్తే పాలు పాలకేంద్రానికి చేరేసరికి పెరుగయిపోతాయి.

వంతెన సంగతి ఊరంతా తెలిసిపోయింది. సంతకాలు పెట్టినోళ్ళు నా మొహం సూసి పెట్టేరు. నిన్న కుళాయి కాడ అచ్చియ్యమ్మ నన్ను సూసి బిందె అటు తిప్పుకుంది. నేను మాట్లాడని రోజు ఈ ఊళ్ళో లేదు బాబూ. నాతో ఎవరూ మాట్లాడని రోజు నిన్ననే సూసేను.

నా ఉత్తరాలు రెండూ తిరిగి పంపించీ. స్టాంపు ఖర్చు నాదే.

ఇట్లు,
తెలివితక్కువ
మంగాయమ్మ

తా.క. పచ్చడి కవరు కూడా పంపించీ. ఏ సాక్ష్యమూ అక్కడ ఉండకూడదు.


జనవరి 23

మంగాయమ్మ గారికి నమస్కారం.

ఇది ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. ఆఫీసు కాగితం మీద పెన్ను పెడితే నాకు మామూలు తెలుగు రాదు.

ఇన్వర్డు నంబరు పడిన ఉత్తరం తిరిగి ఇవ్వడం కుదరదమ్మా. కానీ తప్పు మీ ఒక్కరిదీ కాదు. ఆ నోటీసు టైపు చేసింది నేనే. పాత ఫైల్లో ఒకటుంటే ఊరి పేరు మార్చి ఎత్తి రాసేశాను. మీ ఉత్తరంలో రేకులన్నప్పుడు కూడా రెయిలింగు రేకులేమో అనుకున్నాను. నిన్న దేవరాపల్లిలో ఉన్న మా అమ్మ అప్పలనరసమ్మకి ఫోన్లో ఆ నోటీసు మొత్తం చదివి వినిపించాను. అంతా విని, ‘పెళ్ళి ఎవరిదిరా?’ అంది.

అసలు సంగతి ఇది. గవర్నమెంటు ఒక పని తలపెడుతుంది. చేసే ముందు, దానివల్ల మీకేమైనా ఇబ్బందా అని ఊరిని అడుగుతుంది. ఆ అడగడమే నోటీసు. మీరు చెప్పే ఇబ్బందే అభ్యంతరం. ఎవరూ ఏమీ రాయకపోతే అందరికీ ఇష్టమే అనుకుంటారు. రాస్తే మాత్రం, దానికి ఇంజనీరు గారు ఫైల్లో జవాబు చెప్పి తీరాలి. గడువు ఫిబ్రవరి 2 దాకా ఉంది.

కాబట్టి మళ్ళీ రాయండి. ముందు రాసింది పొరపాటని మొదటి మాటలోనే చెప్పండి. వంతెన ఎవరెవరు వాడతారో, లేకపోతే ఏమవుతుందో, తీసే బదులు ఏం చెయ్యొచ్చో రాయండి. కోపం వస్తే తిట్టొచ్చు కానీ తిట్లకి ఫైల్లో గడి లేదు.

ఒక నిజం కూడా చెప్పాలి. వంతెన మూడో స్తంభం పగిలింది. ఫొటో చూశాను. ఊరి మీద పగతో పెట్టిన నోటీసు కాదమ్మా అది, ఎవరైనా పడిపోతారన్న భయంతో పెట్టింది. మీరే ఒకసారి వెళ్ళి చూడండి.

మీ
ప్రేమ్‌కుమార్

తా.క. కవరు పంపలేను. మా సూపరింటెండెంటు గారు వాసన చూసి, ఆ పచ్చడి ఎలా పెడతారో అడగమన్నారు.


గట్టుపాలెం
జనవరి 28

ఇంజనీరు గారికి, ప్రేమ్‌కుమార్ బాబు ద్వారా, బోని మంగాయమ్మ రాసుకున్న అభ్యంతరం.

ముందు రాసిన ఉత్తరాలు రెండూ పొరపాటు. అవి బస్సు షెడ్డు గురించి. దాని ఫైలుంటే అందులో ఎయ్యండి.

సోమవారం నాడు నేనూ శాలోమీ వంతెన మొదట్లో పీట ఏసుకుని పొద్దున్న ఆరింటి నుంచి పన్నెండింటి దాకా కూచున్నాం. ఎల్లినోళ్ళకి నేను వంతెన మొదటి దిమ్మ మీద బొగ్గుతో గీత గీసేను, వచ్చినోళ్ళకి శాలోమి గీసింది. మనుషులు నూట అరవై మూడు మంది. అందులో బడి పిల్లలు యాభై ఎనిమిది. సైకిళ్ళు పంతొమ్మిది. మోటారు సైకిళ్ళు ఏడు. మేకలు ఇరవై రెండు, కానీ ఒక మేక అటూ ఇటూ తిరిగింది, దాన్ని రెండుసార్లు రాసేమని శాలోమి అనుమానం.

తరవాత గట్టు దిగి మూడో స్తంభం సూసేను. పగులులోకి నా సెయ్యి మణికట్టు దాకా ఎల్లిపోయింది. ఆ పిల్లలంతా దాని మీదే గెంతుకుంటూ ఎల్లేరు, నేను గీతలు గీస్తా కూచున్నాను. అంచేత వంతెన బాగుందని నేను అబద్ధం రాయను. బాగులేదు. బాగులేని మనిషిని ఆస్పత్రికి తీసుకెల్తాం గానీ కాలవలో పడెయ్యం గదా. స్తంభం మళ్ళీ కట్టండి. అందాకా మోటారు సైకిళ్ళు ఎక్కకుండా రెండు పక్కలా రాళ్ళు పాతీసేం, నిన్ననే. పిల్లల్ని ఒకరెనక ఒకర్ని నడవమని హెడ్‌మాస్టారు సెప్పేరు.

మళ్ళీ ఇల్లిల్లూ తిరిగేను. ప్రతి గుమ్మం కాడా ‘తప్పు నాదే’ అన్నాను. మూడిళ్ళలో టీ ఇచ్చేరు, ఒక ఇంట్లో కుక్కని ఒదిలేరు. అవతలి పేటలో పాస్టరు ఫెలిక్స్ గారు ఆరాధన అయ్యేక నా ఉత్తరం సదివి వినిపించేరు. మొత్తం రెండు వందల పదకొండు సంతకాలు. అచ్చియ్యమ్మ మాత్రం నాసేత మూడుసార్లు గట్టిగా సదివించుకుని, సేతులు కడుక్కుని మరీ పెట్టింది.

ఇట్లు,
అభ్యంతరం గల
మంగాయమ్మ

తా.క. పచ్చడిలో ఎండుమిరపకాయలు ఏపేక ఇంగువ వెయ్యాలి. ఇది అభ్యంతరంలోకి రాదు.


గ్రామ వంతెనల విభాగం, జిల్లా ఆఫీసు
మార్చి 15

మంగాయమ్మ గారికి,

ఇది ఆఫీసు కాగితమే. మామూలు తెలుగులో రాయడం అభ్యాసం చేస్తున్నాను.

మీ అభ్యంతరం నిలబడింది. ఇంజనీరు గారు స్వయంగా వచ్చి బొగ్గు గీతలు లెక్కపెట్టారు. వంతెన పడగొట్టరు. మూడో స్తంభం కొత్తగా కడతారు. పని జరిగే ఇరవై రోజులు వంతెన మూసెయ్యాలి. అందుకోసం మళ్ళీ నోటీసు పెట్టాం. మీరు చూసే ఉంటారు: ‘కాలవ మీది నడక వంతెన బాగుచేస్తాం. మార్చి 25 నుంచి ఇరవై రోజులు దాని మీద నడవడానికి ఉండదు. దీనివల్ల మీకు ఇబ్బంది ఉంటే మార్చి 14 లోగా రాయండి.’ అంతే. మా అమ్మకి వినిపించాను, ‘ఇంతేనా, దీనికి గవర్నమెంటు దేనికి?’ అంది.

గడువు నిన్నటితో అయిపోయింది. ఒకే ఒక అభ్యంతరం వచ్చింది. అందులో మీ పేరు ఉంది కాబట్టి, నిబంధన ప్రకారం మీ సమాధానం అడగాలి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

‘అయ్యా, ఇరవై రోజులు వంతెన మూస్తే శాలోమమ్మ ఇటు రాలేదు. మా ఆడది అటు ఎల్లలేదు. పొద్దు పొడిసిన కాణ్ణుంచి అది సెప్పేదంతా నేనొక్కణ్ణే ఇనాలి. నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఈ సంగతి తమరు ఆలోచించవలెను. బోని పెదబాబు.’

మీ జవాబు అందాకనే పని మొదలవుతుంది.

మీ
ప్రేమ్‌కుమార్

తా.క. ఇంజనీరు గారు ఇది రెండుసార్లు చదివారు. తర్వాత ఫైల్లో ‘కారణం సహేతుకం’ అని రాశారు. ఆయనకీ పెళ్ళయి ముప్పై ఏళ్ళు.


గట్టుపాలెం
ఏప్రిల్ 15

ప్రేమ్‌కుమార్ బాబుకి మంగాయమ్మ ఆశీర్వదించి రాసేది.

జవాబుగా అప్పుడు ఒక్క ముక్కే రాసేను, ‘పని మొదలెట్టండి, నేను అడ్డు తొలుగుతాను’ అని. అందింది గదా. వివరం ఇప్పుడు రాస్తన్నాను.

మా ఆయన కాయితం సదివి నాకు ముందు నవ్వొచ్చింది, తరవాత మండింది. నలభై అయిదేళ్ళు ‘ఊ’ అన్న మనిషి మొదటిసారి రెండో మాట మాట్లాడింది గవర్నమెంటుతోనా? అడిగితే గేదెని కడగాలని ఎల్లిపోయేడు. సరే, ఆయనకి సుఖం ఇద్దామనీసి వంతెన మూసే రోజు పొద్దున్నే చిన్నతల్లిని తీసుకుని అవతలికెల్లి శాలోమి ఇంట్లో దిగిపోయేను. నర్సమ్మ గది అక్కడే గదా, నెలలు నిండిన పిల్లకి అదే మంచిది. పదో రోజున గుంట పుట్టింది, నాకు మనవరాలు. ఇద్దరూ కులాసా.

ఇంక మా ఆయన సంగతి. రెండ్రోజులు సప్పుడు లేదు. మూడో నాడు మధ్యాన్నం శాలోమి అరుగు మీద ఎవరో కూచున్నారని సూస్తే ఆయనే. నాలుగు కిలోమీటర్లు సుట్టూ నడిసొచ్చి, తువ్వాలుతో మొహం తుడుసుకుంటన్నాడు.

‘ఏటి పనొచ్చింది?’ అన్నాను.

‘గేదె పాలు తగ్గించింది’ అన్నాడు.

‘దానికి నేనేటి సెయ్యాలి?’

‘ఏటీ లేదు.’

అని అలాగే కూచున్నాడు. నేనే మాట్లాడేను. కాలవ పని సంగతీ, పాస్టరు గారమ్మాయి సంబంధం సంగతీ, అన్నీ సెప్పేను. పొద్దు వాలేక లేచి మళ్ళీ నాలుగు కిలోమీటర్లు నడిసెల్లిపోయేడు. మర్నాడూ వచ్చేడు. వాన పడిన రోజు ఒక్కటి మినహా రోజూ వచ్చేడు.

నిన్న వంతెన తెరిసేరు. స్తంభం రాయిలా ఉంది. అచ్చియ్యమ్మ నా సెయ్యి పట్టుకుని మొదట దాటింది. మీరందరూ సల్లగా ఉండాలి.

ఇట్లు,
ఇంటికొచ్చేసిన
మంగాయమ్మ

తా.క. ఇది రాస్తంటే మా ఆయన పక్కనే పీట ఏసుకుని కూచున్నాడు. పాస్టరు గారమ్మాయి సంబంధం ఎందాకా వచ్చిందని ఇప్పటికి రెండుసార్లు అడిగేడు. ఉంటాను బాబూ, సెప్పకపోతే ఊరుకునేలా లేడు.